పాలిటీ క్లాసు కోసం ఫోన్ తీస్తే చేపల వేటలో తేలుతున్నా, కీప్యాడ్ ఫోన్ కొనేయమంటారా?

కావలి పాసింజర్ | ఆదివారం, రాత్రి 12:35

అందరికీ నమస్కారం. చానాళ్ళుగా ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు, ఇవ్వాళ రాయకపోతే నిద్ర పట్టేట్టు లేదు. మాది కావలి. నెల్లూరులో రొయ్యల మేత అమ్మే డీలర్ దగ్గర లెక్కలు రాస్తా, పొద్దున రైలుకు పోయి రాత్రి రైలుకు వస్తా. వయసు 27. గ్రూప్-2కి చదువుతున్నానని మా వీధిలో అందరికీ తెలుసు, చదవడం లేదని మాత్రం నాకొక్కడికే తెలుసు.

2024 ఫిబ్రవరి 25న స్క్రీనింగ్ రాశా, పోయింది. అప్పుడంటే టైం చాల్లేదని చెప్పుకున్నా. ఇప్పుడు రోజూ రెండు గంటలు దొరుకుతున్నాయి, అవి ఎక్కడికి పోతున్నాయో ఈ రాత్రి కళ్ళారా చూశా. తొమ్మిదిన్నరకు అన్నం తిని కూర్చున్నా. ప్రాథమిక హక్కుల క్లాసు పెట్టా, ఆర్టికల్ 19. పది నిమిషాలు బాగానే చూశా. కింద ఎవరో మైపాడు సముద్రంలో వల లాగుతున్న బొమ్మ కనపడింది. ఒక్కటి చూసి వద్దామనుకున్నా. వల లాగాడు, చేపలు పడ్డాయి, ఇంకొకాయన చేపలతో మామిడికాయ వేసి పులుసు పెట్టాడు, ఆ తరవాత షార్ట్స్‌లోకి ఎట్టా పోయానో తెలీదు, చివరికి పన్నెండుంబావుకి చూస్తే ఒక పైలట్ వానలో విమానాన్ని ఎట్టా దింపాలో చెబుతున్నాడు, నేను నోరు తెరుచుకుని వింటున్నా. నేను విమానం ఎప్పుడు దింపాలి సామీ?

అమ్మ అయితే ఆ ఫోన్‌ని బావిలో పడెయ్యమంటోంది. పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి, కోచింగ్‌కి పోవడానికి డబ్బూ లేదు, తీరికా లేదు. స్మార్ట్‌ఫోన్ అమ్మేసి కీప్యాడ్ ఫోన్ కొనుక్కుంటే బాగుపడతానా? అట్టా చేసినోళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి.

అద్దంకి బస్టాండ్ | ఆదివారం, రాత్రి 12:51

విమానం సగంలో వదిలెయ్యొద్దు తమ్ముడూ, లోపల జనం ఉంటారు. పూర్తిగా దించి అప్పుడు చదువుకో.

మూలాపేట మాష్టారు | సోమవారం, ఉదయం 5:20

అబ్బయ్యా, నేను ముప్పై మూడేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఉన్నమాట చెబుతా, కోపం తెచ్చుకోవద్దు. రోగం ఫోన్లో లేదు, నీ మనసు గట్టిగా లేకపోవడంలో ఉంది. మా రోజుల్లో ఇంట్లో ఒకటే లైటు, దాని కింద ఐదుగురు పిలకాయలం చదువుకున్నాం. వినోదం అంటే ఏడాదికోసారి రొట్టెల పండగకు బారాషహీద్ దర్గా కాడ చెరువు గట్టున తిరగడం, అంతే. ఇప్పుడు అరచేతిలో తిరణాల పెట్టుకుని చదువు ఎక్కట్లేదంటే ఎట్టా ఎక్కుతుంది? ఉద్యోగం కావాలని నిజంగా అనుకున్నోడికి ఏ కిటుకులూ అక్కర్లేదు.

పెన్నాగట్టు | సోమవారం, ఉదయం 8:05

కీప్యాడ్ ఫోన్ నేను కొన్నా. ఇంటి నుంచి పని చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నాది, చుట్టూ స్క్రీన్లే, కనీసం చేతిలోదైనా తీసేద్దామని కొన్నా. పదకొండు రోజులు నడిచింది. మొదటి రెండు రోజులు స్వర్గం. మూడో రోజు నుంచి బ్యాంకు పని, ఆఫీసు లాగిన్, గ్యాస్ బండ బుకింగ్, అన్నిటికీ మా ఆవిడ ఫోన్ అడగడం. డబ్బులు కట్టడానికైతే కీప్యాడ్ ఫోన్లకు కూడా 2022లో యూపీఐ 123పే తెచ్చారు, కాకపోతే టీ కొట్టు దగ్గర నిలబడి ఒక్కో అంకె నొక్కుతుంటే వెనకున్నోళ్ళు ఊరుకోరు. నీకు మీ ఓనర్ స్టాకు లెక్కలు వాట్సాప్‌లో అడక్కుండా ఉంటాడా? ఉండడు.

పన్నెండో రోజు పాత ఫోన్ తీశా. ఏకాదశి ఉపవాసం చేసినోడు ద్వాదశి పొద్దున ఎట్టా తింటాడో అట్టా చూశా, తెల్లారి నాలుగు దాకా.

దానికన్నా పనికొచ్చింది ఒకటి చెబుతా. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ ఆపెయ్, పాతది మొత్తం తుడిచెయ్. 2023 నుంచి అట్టా చేస్తే మొదటి పేజీ ఖాళీగా వస్తుంది, వెతుక్కోమని ఒక పెట్టె తప్ప ఏమీ ఉండదు. వీడియో పెట్టాక పక్కన కొన్ని వస్తాయి గానీ, తెరవగానే వల వేసేది ఆ మొదటి పేజీనే, అది పోతే సగం గొడవ పోయినట్టే. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని టైమర్ కూడా ఉంటుంది, 2018 నుంచీ ఉంది, దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు. టైం అయిపోగానే యాప్ మూసేస్తుంది, మనమే పోయి ఇంకో అరగంట పెంచుకుంటాం. ముద్దాయీ జడ్జీ ఒకడే అయితే కేసు ఎట్టా నడుస్తుంది?

ఒంగోలు గిత్త | సోమవారం, ఉదయం 9:40

మాష్టారూ, పెద్దవాళ్ళు, మీ మీద గౌరవం ఉంది, అయినా అడుగుతా. మనసు గట్టిగా లేదంటున్నారే, మీ కాలంలో నెల్లూరులో సెకండ్ షోలు ఆడలేదా? ఎవరూ చూడకపోతే అన్ని హాళ్ళు ఎట్టా బతికాయి?

నేను ఇంటర్‌లో రోజుకు నాలుగు గంటలు ఫోన్లో గేమ్ ఆడినోణ్ణి. ఇంట్లో తిట్లు, బయట తిట్లు. ఆ గేమ్‌లో పక్కనోడు తమిళోడు, ఇంకోడు బెంగాలీ, మాట్లాడాలంటే ఇంగ్లీషే గతి. నాకు ఇంగ్లీషు నోరు తిరిగింది అక్కడే. ఆ గేమ్ క్లిప్పులు అతికిస్తూ అతికిస్తూ వీడియో ఎడిటింగ్ వచ్చింది. ఇవ్వాళ కర్నూలు రోడ్డులో చిన్న గది తీసుకుని పెళ్ళిళ్ళవీ షాపులవీ వీడియోలు కట్ చేసి బతుకుతున్నా. కాబట్టి వినోదం అంటే పాపం అన్నట్టు మాట్లాడితే నాకు మండుద్ది.

సరే, ఇదీ చెప్పాలి. నాతో పాటు ఆడిన ఐదుగురిలో దాంతో ఏదైనా వచ్చింది నాకొక్కడికే. మిగతా నలుగురికీ మెడ నొప్పి వచ్చింది.

మూలాపేట మాష్టారు | సోమవారం, సాయంత్రం 4:15

గిత్త గారూ, బాగా పొడిచారు. పొద్దున నుంచి మీ ప్రశ్న దగ్గరే తిరుగుతున్నా.

చూశాను. ఎందుకు చూడలేదు. ఇంటర్ రెండో ఏడు ఒకే సినిమా ఏడుసార్లు చూశాను, నేల టిక్కెట్టు. ఆ ఏడు కెమిస్ట్రీ తప్పాను. ఈ సంగతి మా పిల్లలక్కూడా చెప్పలేదు, మీకు చెబుతున్నా. పొద్దున రాసిన లైటు కింద ఐదుగురి కథ నిజమే, ఐదుగురిలో ఒకడు అప్పుడప్పుడూ గోడ దూకేవాడన్నది రాయలేదు.

అయితే ఒక తేడా తోచింది. ఎంత గొప్ప సినిమా అయినా రెండున్నర గంటలకు తెర మీద శుభం అని పడేది. లైట్లు వేసేవాళ్ళు. గేటు దగ్గర వాడు కదలండి కదలండి అనేవాడు. ఇంకోటి చూద్దామన్నా జేబులో డబ్బుల్లేవు. ట్రంకు రోడ్డు మీద నడుచుకుంటూ మాట్లాడుకుంటూ ఇంటికి చేరేసరికి ఆ మత్తు దిగిపోయేది. ఆపింది మా మనసు కాదు, ఆ శుభం. మా మనవడి ఫోన్లో ఆ రీళ్ళు చూస్తున్నా, పైకి తోస్తే ఇంకోటి, తోస్తే ఇంకోటి. దాన్ని చేసినవాడు శుభం కార్డు కావాలనే తీసేసినట్టున్నాడు. కావలి అబ్బాయిని మనసు గట్టిగా లేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

అద్దంకి బస్టాండ్ | సోమవారం, సాయంత్రం 4:22

మాష్టారూ, ఏడుసార్లు ఏ సినిమా? ఇప్పుడు చెప్పకపోతే మాకు ఈ రాత్రి చదువు ఎక్కదు.

మూలాపేట మాష్టారు | సోమవారం, సాయంత్రం 4:40

చెప్పను.

రొయ్యలగుంట | సోమవారం, రాత్రి 9:10

ఇందుకూరుపేట దగ్గర రెండు గుంటలు నాయి, వనామీ రొయ్య వేస్తా. ఈ గొడవ పిలకాయలదీ చదువుకునేవాళ్ళదీ మాత్రమే అనుకోవద్దు, నాకు లక్షల్లో తగిలింది.

రొయ్యకు రాత్రి కష్టం. పగలు నీళ్ళలో పాచి ఎండకు ఆక్సిజన్ వదుల్తుంది, పొద్దుగూకినాక ఆ పాచే ఆక్సిజన్ పీల్చుకుంటుంది, తెల్లారుజాము మూడు నుంచి ఐదు మధ్య నీళ్ళలో ఆక్సిజన్ అడుక్కి పడిపోతుంది. అప్పుడు నీళ్ళకు గాలి కలిపే మోటార్లు, ఏరియేటర్లు, తిరగాల్సిందే. కరెంటు పోతే నిమిషాల్లో జనరేటర్ వెయ్యాలి. ఆ పని కోసమే కాపలా మనిషి. పోయిన పంటలో మా మనిషి చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని సీరియల్ చూస్తున్నాడు. మోటార్లు ఆగిపోయాయి. గుంట కాడ మోటార్ల శబ్దం ఆగిపోతే ఆ నిశ్శబ్దానికే మెలకువ రావాలి, వాడికి సీరియల్‌లో అత్తాకోడళ్ళ కేకలు తప్ప ఏం వినపడలేదు. చూసేసరికి రొయ్య గట్టుకు వచ్చి తేలిపోతోంది. 60 కౌంటుకు, అంటే కిలోకు అరవై రొయ్యలు తూగేదాకా, వచ్చిన సరుకు, రెండెకరాల గుంట. దొరికింది దొరికినట్టు పట్టి అమ్ముకున్నా.

కోపంతో గుంట కాడికి ఫోనే తేవద్దన్నా. మూడో రాత్రి రెండు గంటలప్పుడు పోయి చూస్తే గురక. ఒంటరిగా చీకట్లో నీళ్ళు చూస్తూ రాత్రంతా ఎవడు మేలుకుంటాడు, నేనైనా నిద్రపోతా. వాణ్ణి నిద్రపోకుండా ఆపింది ఆ ఫోనే అని అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు ఏం చేస్తున్నానంటే, చిన్న స్పీకర్ కొనిచ్చా. పాటలు పెట్టుకో, హరికథ పెట్టుకో, కామెడీ పెట్టుకో, బయటికే పెట్టుకో, ఇయర్‌ఫోన్ వద్దు, బొమ్మ చూడొద్దు. చెవి పంచుకుంటుంది, ఒక పక్క పాట వింటూ ఇంకో పక్క మోటారు వింటుంది. కన్ను అట్టా పంచుకోలేదు. దాంతో పాటు కరెంటు పోతే నా ఫోన్‌కు కాల్ వచ్చే డబ్బా ఒకటి పెట్టించా, అదీ ఫోన్ వల్లే కదా. మన కావలి తమ్ముడి పనిలో లెక్కలు రాసేటప్పుడు ఇది పనికొస్తుందేమో గానీ చదివేటప్పుడు పనికిరాదు, అది నాకు తెలుసు. అయినా చెప్పాలనిపించింది.

చీమకుర్తి రాయి | సోమవారం, రాత్రి 10:30

సినిమా, రీలు, గేమ్ అన్నీ ఒక గాటన కట్టేస్తున్నారు, ఒక్కటి మాత్రం పక్కన పెట్టండి. డబ్బులు పెట్టి ఆడే పేకాట యాప్‌లు. మా బావమరిది గ్రానైటు లారీ కిస్తీ డబ్బులు రమ్మీలో పోగొట్టాడు. మన రాష్ట్రంలో 2020లోనే ఆపేశారు, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతా డబ్బు ఆటలు ఆపేస్తూ చట్టం తెచ్చింది, వీడు మధ్యలో ఏవో అడ్డదారులు పట్టాడు. అది కాలక్షేపం కాదు. దాని మీద సలహాలు ఉండవు, తీసేయడమే. ఇంతకన్నా రాయలేను.

పలకా బలపం | మంగళవారం, ఉదయం 6:50

నేను మార్కాపురం పక్కన ఒక హైస్కూల్లో సోషల్ చెబుతా. రాత్రి అందరివీ చదివా, పిల్లలకు దోసెలు పోసి కూర్చుని రాస్తున్నా, తప్పులుంటే మన్నించండి.

2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి వాళ్ళకు ప్రభుత్వం పాఠాలు ఎక్కించిన ట్యాబులు ఇచ్చింది గుర్తుందా. పాఠాలు తప్ప ఇంకేమీ రాకుండా లాక్ ఉండేది. సంక్రాంతి సెలవుల తరవాత చూస్తే మా క్లాసులో ఒకడు ఆ లాక్ తీయించుకొచ్చాడు, వారంలో ఇంకో ముగ్గురు. తెలివికి మెచ్చుకోవాలా కొట్టాలా తెలియలేదు. అది సరే, నేను చెప్పాలనుకున్నది లాక్ తీయని పిల్లల గురించి. బుద్ధిగా వీడియోలు చూసేవాళ్ళు. మరుసటి రోజు అడిగితే ఏమీ వచ్చేది కాదు. చూశావా అంటే చూశా టీచర్, బాగుంది టీచర్ అనేవాళ్ళు. బాగుంది! సినిమా ఎట్టుంది అంటే చెప్పినట్టు.

తరవాత ఇద్దరిద్దరికి కలిపి ఒక ట్యాబు పెట్టించా. ఒకరు పది నిమిషాలు చూడాలి, ట్యాబు మూసేసి పక్క వాళ్ళకు చెప్పాలి, పక్క వాళ్ళు రాయాలి. అప్పుడు వచ్చింది.

అందుకని తమ్ముడూ, నీది కాస్త వేరే రోగమేమో అని నా అనుమానం. నువ్వు పదింటికి చేపల వేటలోకి జారానని బాధపడుతున్నావు, తొమ్మిదిన్నర నుంచి చేసింది మాత్రం చదువని ఎందుకు అనుకుంటున్నావు? బోర్డు ముందు ఒకాయన చక్కగా చెబుతుంటే కాళ్ళు చాపుకుని చూడటం కూడా కాలక్షేపమే. చేపల వీడియోకి నీకు సిగ్గేస్తుంది, దీనికి వెయ్యదు, అంతే తేడా. ఒక పని చెయ్యి. ఇప్పుడే ఫోన్ పక్కన పెట్టి, కాగితం మీద ఆర్టికల్ 19లో ఉన్న స్వేచ్ఛలు రాయి. ఎన్ని వచ్చాయో నిజం చెప్పు.

మా ఊరి పలకకు ఒక సుగుణం ఉంది మాష్టారూ, మీ శుభం లాంటిదే. నిండిపోతుంది. నిండితే తుడవాలి, తుడిచే ముందు ఒకసారి చదవాలి.

కావలి పాసింజర్ | మంగళవారం, మధ్యాహ్నం 1:25

అక్కా, నాలుగు. ఆరుండాలి, నాలుగే వచ్చాయి. మాట్లాడటం, గుమిగూడటం, సంఘం పెట్టుకోవడం, వృత్తి. తిరగడం, నివసించడం రాలేదు. రోజూ కావలి నుంచి నెల్లూరుకి తిరిగేవాడికి తిరిగే స్వేచ్ఛ గుర్తు రాలేదు చూడండి. మొదట్లో ఏడుండేవనీ, ఆస్తి హక్కుని 1978లో 44వ సవరణతో తీసేశారనీ మాత్రం టక్కున వచ్చింది, ఎందుకంటే ఆ సార్ అక్కడొక జోకు వేశాడు.

ఆ క్లాసు నేను మూడుసార్లు చూశా.

పొద్దున నుంచి దుకాణంలో మేత బస్తాలు లెక్కపెడుతూ ఇదే ఆలోచన. నిన్నటిదాకా రెండు గంటలు పోతున్నాయనుకున్నా, ఇప్పుడు చూస్తే రెండేళ్ళు పోయినట్టున్నాయి.

పెన్నాగట్టు | మంగళవారం, మధ్యాహ్నం 2:10

అంత దూరం పోవాకు. రైల్లో పోను ముప్పావుగంట, రాను ముప్పావుగంట ఉంది కదా, ఆ టైంలో క్లాసులు వినెయ్, రాత్రికి రాసుకోవడం పెట్టుకో.

కావలి పాసింజర్ | మంగళవారం, మధ్యాహ్నం 2:30

అది చేసి చూశా అన్నా. పొద్దున రైల్లో ఒక కాలు మోపడానికే చోటుండదు. సమోసాలోళ్ళు, పక్కనోళ్ళ ఫోన్లో పాటలు. అక్కడ రాజ్యాంగం ఎక్కదు. చదవలేకపోయానన్న బాధ మళ్ళీ అదనం.

ఒంగోలు గిత్త | మంగళవారం, మధ్యాహ్నం 2:45

అందరూ తిరగేసి చెబుతున్నారు. రైల్లో చదవాకు, రైల్లోనే చూడు! చేపలు, విమానాలు, ఏవి కావాలంటే అవి, సిగ్గు పడకుండా చూడు. నెల్లూరు స్టేషన్ వస్తే దిగాల్సిందే కదా, అదే మాష్టారు చెప్పిన శుభం. నువ్వు ఆపక్కర్లేదు, రైలే ఆపుద్ది. ఇంటి దగ్గర చూస్తే ఆపేవాడు లేడు. ఇంట్లో కాగితం మాత్రమే పెట్టుకో. క్లాసు కావాలంటే ఒక్కటి, పది నిమిషాలు, టీచరక్క చెప్పినట్టు మూసి రాయి.

అద్దంకి బస్టాండ్ | మంగళవారం, మధ్యాహ్నం 2:49

శుభం పడకుండా రైలు గూడూరు పోతే?

కావలి పాసింజర్ | ఐదు వారాల తరవాత, ఆదివారం, సాయంత్రం 6:20

మళ్ళీ వచ్చా. కీప్యాడ్ ఫోన్ కొనలేదు.

హిస్టరీ ఆపేశా, తుడిచేశా. మొదటి రెండు రోజులు ఆ ఖాళీ పేజీ చూస్తే ఎవరో ఇల్లు ఖాళీ చేసి పోయినట్టుండేది. పొద్దునా రాత్రీ రైల్లో చూస్తున్నా, ముందు రాత్రే ఏం చూడాలో రెండు డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటా. ఇంటికి రాగానే ఫోన్ అమ్మకు ఇచ్చేస్తా, అమ్మ దాన్ని పోపుల డబ్బా వెనక పెట్టి తనే అప్పుడప్పుడూ సీరియల్ చూసుకుంటోంది, అది వేరే కథ. తెలుగు అకాడమీ పుస్తకంలోంచి కావాల్సిన పేజీలు జిరాక్సు తీయించుకున్నా. గంటన్నర కూర్చుంటున్నా, అందులో గంట రాయడమే. రోజూ అని అబద్ధం చెప్పను, వారానికి నాలుగైదు రాత్రులు. క్రికెట్ ఉన్న ఆదివారం ఏమీ జరగలేదు, మొత్తం పోయింది. ఇంకో రోజు ఓనర్ లెక్క తప్పిందని అరిస్తే ఆ కోపంలో రాత్రంతా షార్ట్స్ చూశా. అలిసిపోయిన రోజు, తిట్లు తిన్న రోజు ఇది ఏదీ పనిచెయ్యట్లేదు. దానికి మందు తెలిసినోళ్ళుంటే చెప్పండి.

అక్కా, ఆరూ వస్తున్నాయి. ఇప్పుడు ఆర్టికల్ 21ఏ, విద్యా హక్కు మీద ఉన్నా.

ఇంకోటి. అద్దంకి అన్నా, నీ నోట్లో ఏముందో గానీ, పోయిన గురువారం నిజంగానే గూడూరు పోయా. ఇయర్‌ఫోన్ పెట్టుకుని చేపల వీడియోలో ఉన్నా, నెల్లూరు ఎప్పుడు దాటిందో తెలీదు. ఎక్స్‌ప్రెస్సు కాబట్టి గూడూరు దాకా ఆగలేదు. రొయ్యలగుంట అన్న చెప్పింది అక్కడ గుర్తొచ్చింది, ఇప్పుడు ఒక చెవికే పెట్టుకుంటున్నా.

రొయ్యలగుంట | ఆదివారం, సాయంత్రం 6:45

తిట్లు తిన్న రోజు చదవాకు తమ్ముడూ. మబ్బు పట్టిన రోజు మేము మేత తగ్గిస్తాం, నీకు తెలుసు కదా, నువ్వు మేత అమ్మేవాడివే. ఆ రోజు అన్నం తిని పడుకో.

మూలాపేట మాష్టారు | ఆదివారం, రాత్రి 11:55

పెన్నాగట్టు గారూ, ఆ హిస్టరీ ఆపేది ఎక్కడుందో నాకు కాస్త చెబుతారా. ఎవరికోసమో కాదు. పాత పాటలు పెట్టుకుంటే రోజూ ఒంటిగంట అవుతోంది.

పెన్నాగట్టు | సోమవారం, రాత్రి 12:04

కింద కుడి పక్క మీ బొమ్మ మీద నొక్కండి మాష్టారూ, సెట్టింగ్స్‌లోకి పోతే హిస్టరీ అని ఉంటుంది. రాకపోతే పొద్దున మీ మనవణ్ణి అడగండి.

మూలాపేట మాష్టారు | సోమవారం, రాత్రి 12:09

వాణ్ణి అడగలేను. వాడికి నేనే రోజూ తొమ్మిదింటికి ఫోన్ ఆపమని చెబుతుంటా.